దొంగ వాడుకున్న సొమ్ము ఎవరి పద్దులో రాయాలి?



క్రెడిట్ కార్డు మోసాల గురించి ఒకసారి వివరంగా రాయమని మన సంఘంలో చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళ ప్రశ్నలు రెండే. ఇవి నిజంగా ఎంత తరచుగా జరుగుతాయి? మనలాంటి మామూలు ఖాతాదారుల మీదికే ఎందుకు వస్తాయి? జాగ్రత్తల చిట్టాలు వాట్సాప్‌లో రోజుకు నాలుగు వస్తూనే ఉన్నాయి కాబట్టి మేము మళ్ళీ అదే రాయబోవడం లేదు. ఈ మోసాలకు అరవై డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. మోసపోయినవాడిని పట్టుకుని "తప్పు నీదే" అనే అలవాటు ఎక్కడ మొదలైందో, అది తప్పని ఎవరు, ఎప్పుడు తేల్చారో ఆ చరిత్రలో ఉంది. మా ఉద్దేశంలో మన పెద్దవాళ్ళకు చిట్టాల కంటే ఇదే ఎక్కువ అవసరం.

ముందు లెక్క చూద్దాం. రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక ప్రకారం 2023-24లో కార్డులు, ఇంటర్నెట్ లావాదేవీల మోసాలు 29,082. పోయిన సొమ్ము 1,457 కోట్లు. మరుసటి ఏడు, అంటే 2024-25లో, 13,516 మోసాలు, 520 కోట్లు. మన దేశంలో క్రెడిట్ కార్డులే పది కోట్లు దాటాయి. డెబిట్ కార్డులు దానికి ఎన్నో రెట్లు. వాటితో పోలిస్తే పదమూడు వేలు ఏపాటి అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. లక్ష రూపాయలు, అంతకు మించిన మోసాలే అందులోకి వస్తాయి. మన ఇళ్ళల్లో పోయేవి పన్నెండు వేలు, ముప్ఫై వేలు, అరవై వేలు. అవి ఆ అంకెలో లేవు. ఇంట్లో తిడతారని బ్యాంకుకే చెప్పనివి ఏ అంకెలోనూ లేవు.

ప్రపంచం మొత్తం మీద చూస్తే, కార్డుల మీద ఖర్చయ్యే ప్రతి నూరు డాలర్లలో దొంగల పాలయ్యేది సుమారు ఆరేడు సెంట్లు. అంటే వంద రూపాయలకు ఆరేడు పైసలు. ఈ రేటు చూసి వ్యాపారం చేసేవాడు భయపడడు. సరుకులో తరుగు పోయినట్టు లెక్క రాసుకుంటాడు. బ్యాంకులూ అదే చేస్తాయి. ఆ తరుగు ఒక్క మనిషి నెత్తిన పడినప్పుడే అది విపత్తు. కాబట్టి అసలు ప్రశ్న ఎన్నిసార్లు జరుగుతుందన్నది కాదు, జరిగినప్పుడు ఎవరి పద్దులో రాస్తారన్నది. కార్డు పుట్టిన దగ్గర నుంచి తగాదా అంతా దీని మీదే.

మన తాతల కాలంలో అరువు అంటే కిరాణా కొట్టు పద్దు. కొట్టువాడికి మన ముఖం తెలుసు, మన నాన్న తెలుసు, జీతం ఏ తేదీన వస్తుందో తెలుసు. ఇంకొకడు వచ్చి మన పేరు చెప్పి బియ్యం బస్తా తీసుకుపోవడం కుదరని పని. కార్డు చేసిన మార్పు ఇదే. ముఖం తెలియని కొట్లో, మనల్ని ఎన్నడూ చూడనివాడి దగ్గర అరువు పుట్టించింది. ముఖానికి బదులు ఒక నంబరు వచ్చింది. ముఖాన్ని ఎత్తుకుపోలేరు, నంబరును ఎత్తుకుపోవచ్చు.

1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్ కార్డు మొదలైంది. అది హోటళ్ళకు వెళ్ళే డబ్బున్నవాళ్ళ కోసం. సామాన్యుడి చేతికి కార్డు చేరింది 1958 సెప్టెంబరులో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో అనే ఊళ్ళో. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఆ ఊరి జనానికి ఒక్క విడతలో 60,000 కార్డులు పోస్టులో పంపింది. ఎవరూ అడగలేదు, ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. కవరు చించితే లోపల వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న కార్డు! ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతటా ఇరవై లక్షల కార్డులు ఇలాగే పంపారు. ఆ బ్యాంకే తర్వాత ఈ పథకాన్ని పెంచి పోషించింది, ఇవాళ మన జేబులో ఉన్న వీసా కార్డు దాని వారసురాలే.

దొంగలకు అది పండగ. పోస్టు డబ్బాల నుంచి, పోస్టాఫీసుల నుంచి కార్డులు మాయమయ్యాయి. నూటికి నాలుగు ఖాతాలు మొండి బకాయిలవుతాయని బ్యాంకు అంచనా వేసుకుంది. నూటికి ఇరవై రెండు అయ్యాయి. బ్యాంకు ఒప్పుకున్న నష్టమే 88 లక్షల డాలర్లు. ఈ పథకాన్ని నడిపించిన జోసెఫ్ విలియమ్స్ 1959 చివర్లో ఉద్యోగం వదిలి వెళ్ళాడు. ఇంతవరకు ఒక వ్యాపారం తప్పటడుగు కథ. కానీ ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. కార్డు మీద పడిన ప్రతి ఖర్చుకూ, దొంగ చేసినదానికి కూడా, కార్డు ఎవరి పేరున ఉందో వాళ్ళే బాధ్యులు. అడగని కార్డును బ్యాంకు పంపింది, దారిలో దొంగ కాజేశాడు, బిల్లు మాత్రం కార్డును కంటితో కూడా చూడనివాడికి! పత్రికలు, రాజకీయ నాయకులు గొడవ చేసింది దీని మీదే.

అయినా బుద్ధి రాలేదు. 1966 క్రిస్మస్ ముందు షికాగో బ్యాంకులు పోటీలు పడి యాభై లక్షల కార్డులు జనం మీద కుమ్మరించాయి. చిన్నపిల్లల పేరున వెళ్ళాయి, చనిపోయినవాళ్ళ పేరున వెళ్ళాయి. ఒక్కో ఇంటికి రెండు మూడు బ్యాంకులవి వెళ్ళాయి. పోస్టులో కొట్టేసిన కార్డులకు వీధిలో ధర పలికింది. చివరకు 1970లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. అడగనిదే కార్డు పంపకూడదు. దొంగ ఎంత వాడినా ఖాతాదారుడు భరించవలసింది 50 డాలర్లకు మించకూడదు. ఆ యాభై డాలర్ల హద్దు ఇప్పటికీ అంతే ఉంది.

ఈ చట్టం ఫలితం గమనించవలసినది. నష్టం తమ పద్దులోకి వచ్చి పడేసరికి బ్యాంకులకు తాళాల మీద శ్రద్ధ పుట్టింది. పెద్ద ఖర్చు ఉంటే దుకాణదారు ఫోను చేసి అనుమతి తీసుకునే పద్ధతి అప్పటికే ఉండేది. పోయిన కార్డుల నంబర్ల పుస్తకాలు అచ్చువేసి దుకాణాలకు పంపడమూ అప్పటికే ఉండేది. ఆ తరువాత ఆ వెతుకులాట కంప్యూటర్ల చేతికి ఇచ్చారు. అదంతా ఖాతాదారుడి మీద ప్రేమతో చేసింది కాదని వేరే చెప్పనవసరం లేదు.

మన దేశంలో బ్యాంకు క్రెడిట్ కార్డులు 1980, 81లలో వచ్చాయి. 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో మన ఆంధ్రా బ్యాంకు. మన అని ఎందుకన్నామంటే, మద్రాసులోని తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆ బ్యాంకు పాసుపుస్తకం లేని ఇల్లు వెతికితే దొరికేది కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో దాన్ని స్థాపించిన నాటికి మచిలీపట్నం, మన చెన్నపట్నం ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారినా మన పెద్దవాళ్ళు ఆ బ్రాంచిని ఇంకా ఆంధ్రా బ్యాంకనే అంటారు.

ఆ రోజుల్లో కార్డు వాడకం చూసినవాళ్ళు మనలో ఉన్నారు. కార్డు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండేవి. దాన్ని ఇనప యంత్రంలో పెట్టి, మీద కార్బన్ కాగితాల రసీదు పరిచి, అటూ ఇటూ గరగరా లాగేవారు. నంబరు కాగితం మీద అచ్చుపడేది. చెత్తబుట్టలో పడేసిన ఆ కార్బన్ కాగితం మీద కూడా నంబరు, పేరు, గడువు తేదీ ఉండేవి. ఆ కాగితాలు ఏరుకోవడమే అప్పటి దొంగల విద్య. మన దగ్గర కార్డులు మరీ తక్కువ కాబట్టి ఆ బెడద పెద్దగా తెలియలేదు.

తరువాత కార్డు వెనక నల్ల పట్టీ వచ్చింది. ఐబీఎంలో ఫారెస్ట్ ప్యారీ అనే ఇంజనీరు టేపును ప్లాస్టిక్ మీద అతికించడం కుదరక తంటాలు పడుతుంటే, ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తున్న ఆయన భార్య, ఇస్త్రీపెట్టెతో అతికించి చూడమన్నదట. ఆ కంపెనీ ఇష్టంగా చెప్పుకునే కథ ఇది. పట్టీ వల్ల పని సులువైంది. కానీ పట్టీలో ఉన్నది మారని సమాచారం, పాటల క్యాసెట్ లాంటిది. ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కు పాట ఎక్కించుకున్నట్టు, ఒక కార్డు పట్టీని ఇంకో కార్డుకు ఎక్కించవచ్చు. ఏటీఎం నోట్లో చిన్న పరికరం తగిలించి పట్టీని చదివించుకోవడం, పైన కెమెరా పెట్టి పిన్ను చూసుకోవడం దీని నుంచి పుట్టినవే.

ఏటీఎంల సంగతిలో అమెరికా, ఇంగ్లండు నడిచిన దారులు చూస్తే మా మాట మరింత తేటపడుతుంది. 1980లో న్యూయార్కులో జడ్ వర్సెస్ సిటీబ్యాంక్ అనే కేసు వచ్చింది. తన ఖాతాలో 800 డాలర్లు తాను తీయలేదని ఒకావిడ అన్నది. మా కంప్యూటర్ తీశారంటోంది అని బ్యాంకు అన్నది. యంత్రం సాక్ష్యం చెప్పినంత మాత్రాన నమ్మదగిన మనిషి మాట చెల్లకుండా పోదని న్యాయమూర్తి ఆవిడకు డబ్బు ఇప్పించారు. అక్కడి చట్టం కూడా నిరూపణ భారం బ్యాంకు మీదే పెట్టింది.

ఇంగ్లండు బ్యాంకులు మాత్రం మా వ్యవస్థలో తప్పు జరగనే జరగదని చాలా ఏళ్ళు భీష్మించాయి. డబ్బు పోయిందన్నవాడితో, పిన్ను నువ్వే ఎవరికో చెప్పి ఉంటావు, లేదా మీ ఇంట్లోవాళ్ళే తీసి ఉంటారు అనేవారు. 1990లలో ఒక పోలీసు కానిస్టేబులు తన ఖాతాలో ఆరు విడతలుగా 460 పౌండ్లు పోయాయని ఫిర్యాదు చేస్తే, డబ్బు దాచుకున్న సంస్థ ఆయన మీదే మోసం కేసు నడిపించింది. 1994లో శిక్ష పడింది. మీ యంత్రాలు సరిగానే పనిచేశాయో లేదో మా నిపుణుడికి చూపించండి అని అప్పీలులో అడిగితే ఆ సంస్థ చూపించలేదు. 1996లో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ కేసులో ఆయన పక్షాన నిలిచిన కేంబ్రిడ్జి ఆచార్యుడు రాస్ ఆండర్సన్ ఒక వింత విషయం రాశాడు. నష్టం భరించవలసిన అమెరికా బ్యాంకుల కంటే, నష్టాన్ని ఖాతాదారుడి మీదికి నెట్టగలిగిన ఇంగ్లండు బ్యాంకులే భద్రతకు ఎక్కువ ఖర్చుపెట్టి, ఎక్కువ మోసాలు చూశాయి. ఫిర్యాదు చేసినవాడిని అబద్ధాలకోరు అంటే సరిపోతుంటే, కన్నం ఎక్కడుందో వెతికే పని ఎవరికి పడుతుంది?

నకలు తీయడం కష్టమైన చిప్పు కార్డును ఫ్రాన్సు 1992 నాటికే దేశమంతా అమలు చేసింది. ఇంగ్లండు 2006 ఫిబ్రవరి 14 నుంచి చిప్పు, పిన్ను తప్పనిసరి చేసింది. దుకాణాల్లో నకిలీ కార్డులు తగ్గాయి. దొంగలు వృత్తి మానుకోలేదు, చిప్పు అక్కరలేని చోటికి మారారు. ఫోను మీద, ఇంటర్నెట్‌లో కేవలం నంబరుతో చేసే మోసాలు అక్కడ 2004లో 15 కోట్ల పౌండ్లు ఉంటే 2008కి 32 కోట్లు దాటాయి. అమెరికా చిప్పు ఖర్చుకు వెనకాడి 2015 అక్టోబరు దాకా ఆగింది. ఈలోగా 2013లో టార్గెట్ అనే దుకాణాల సంస్థ కంప్యూటర్లలో దొంగలు దూరి 4 కోట్ల కార్డుల వివరాలు ఎత్తుకుపోయారు.

మామూలువాళ్ళకే ఎందుకు జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఆ 4 కోట్లమందిలో ఎవరూ పిన్ను రాసి పర్సులో పెట్టుకున్నందుకు దొరికిపోలేదు. బజారుకు వెళ్ళి సరుకులు కొన్నారు, అంతే. దొంగ మనల్ని ఎంచుకుని రాడు. నంబర్లు టోకున కొంటాడు, ఒక్కోదాని మీద ముందు పదీ ఇరవై ఖర్చుపెట్టి పనిచేస్తోందో లేదో చూస్తాడు, పనిచేస్తే పెద్ద మొత్తం లాగుతాడు. బిల్లులో ఎరగని చిన్న ఖర్చు కనిపిస్తే వదిలేయవద్దనడానికి కారణం ఇదే. మన దేశంలో కూడా 2016లో ఏటీఎంలు నడిపే ఒక సంస్థ కంప్యూటర్లలో వైరస్ చేరి 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఆ కార్డులు ఎవరివో వాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు.

ఒక విషయంలో మాత్రం మన రిజర్వు బ్యాంకు అమెరికా కంటే ముందుంది. 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్‌లో కార్డు వాడాలంటే నంబరుతో పాటు రెండో తాళం ఉండాలన్నది. అదే ఇవాళ మనకు ఫోనులో వచ్చే ఓటీపీ. 2018 చివరికల్లా చిప్పు కార్డులు రావాలన్నది. 2020 నుంచి కొత్త కార్డు ఆన్‌లైన్ వాడకానికి మూసి ఉంటుంది, కావాలంటే మనమే తెరుచుకోవాలి. 2022 అక్టోబరు నుంచి దుకాణాలు మన కార్డు నంబరు దాచుకోవడానికి లేదు. ఇవన్నీ మంచి తాళాలు. వీటివల్లే నంబరు ఒక్కటి దొరికితే ఇక్కడ దొంగకు పెద్దగా గిట్టదు.

అయితే తాళం గట్టిపడేసరికి దొంగ తాళంచెవి ఉన్న మనిషి దగ్గరికి వచ్చాడు. ఫోను చేసి ఓటీపీ చెప్పించుకోవడం, స్క్రీను కనిపించే యాప్ వేయించడం మొదలయ్యాయి. ఇక్కడే పాత ఇంగ్లండు మాట మళ్ళీ వినిపించసాగింది. "ఓటీపీ మీ ఫోనుకే వచ్చింది కదా, మీరే చెప్పి ఉంటారు."

మన తమిళనాడు తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన పెద్దవాళ్ళలో చాలామంది తెలుగు చదువుతారు, ఇంగ్లీషు అంతంతమాత్రం. పిల్లలు బడిలో తమిళం చదువుకున్నారు, తెలుగు మాటలే కానీ అక్షరాలు రావు. బ్యాంకు సందేశం వచ్చేది ఇంగ్లీషులో. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక అందులోనే ఉంటుంది, చదవలేనివాడికి అది వట్టి నంబరు. ఏళ్ళ తరబడి బ్యాంకుకు ఫోను చేసి తమిళంలోనో ఇంగ్లీషులోనో తంటాలు పడిన మనిషికి, అటువైపు నుంచి చక్కటి తెలుగులో "నమస్కారం అండీ, బాగున్నారా" అని వినబడితే మనసు కరుగుతుంది. పెరంబూరులో మన సభ్యుడు ఒకాయనకు పోయిన ఏడు జరిగింది ఇదే. కార్డు పరిమితి పెంచుతామని తెలుగులో మాట్లాడి 62,000 లాగేశారు. సందేశాలు వచ్చిన అరగంటలో ఆయనకు అనుమానం వచ్చింది. కానీ కొడుకు ఏమంటాడో అని నోరు మెదపలేదు. బిల్లు ఇంటికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది. బ్యాంకు చేతులెత్తేసింది, ఇప్పుడు వాయిదాల్లో కడుతున్నారు.

ఆ మూడు వారాల ఖరీదు ఎంతో రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ చూస్తే తెలుస్తుంది. తప్పు బ్యాంకుదైతే మనం ఎప్పుడు చెప్పినా మన మీద పైసా పడకూడదు. తప్పు బ్యాంకుదీ కాక మనదీ కాక వ్యవస్థలో ఇంకెక్కడో ఉంటే, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మన మీద పడేదానికి హద్దు ఉంది. ఐదు లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు ఆ హద్దు 10,000 రూపాయలు. ఏడు దాటితే బ్యాంకు ఇష్టం, అంటే దాని బోర్డు పెట్టుకున్న విధానం. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తం ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. ఖాతాదారుడిదే తప్పని నిరూపించే భారం బ్యాంకుది. ఓటీపీ మనమే చెప్పినా, ఫిర్యాదు చేసిన క్షణం తరువాత పోయేది బ్యాంకు ఖాతాలోదే. ఈ ఆఖరి ముక్క మన పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి తెలియదని మా అనుభవం. ఎలాగూ తప్పు నాదే కదా, చెప్పి ఏం లాభం అని ఊరుకుంటారు. ఆ ఊరుకున్న గంటలోనే దొంగ రెండోసారి, మూడోసారి లాగుతాడు.

కోర్టులు కూడా ఇటే మొగ్గుతున్నాయి. అస్సాంలో ఒకాయన ఆన్‌లైన్‌లో కొన్న బట్టలు తిరిగి ఇవ్వబోతే, ఆ కంపెనీ మనిషినని ఒకడు ఫోను చేసి యాప్ వేయించాడు. 94,204 రూపాయలు పోయాయి. ఓటీపీ ఆయనే చెప్పి ఉంటాడని స్టేట్ బ్యాంకు వాదించింది. చెప్పలేదని ఆయన నిలబడ్డాడు. గౌహతి హైకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. బ్యాంకు సుప్రీంకోర్టుకు వెళితే 2025 జనవరిలో అక్కడా కొట్టేశారు. ఆయనకు కలిసివచ్చింది ముఖ్యంగా ఒకటి. డబ్బు పోయిన ఇరవై నాలుగు గంటల్లోపే బ్యాంకుకు చెప్పాడు.

పెరంబూరు సభ్యుడి ఇంటికి మేము ముగ్గురం వెళ్ళి ఫిర్యాదు కాగితాలు రాసిపెట్టాం, బ్యాంకు జవాబు సరిగా లేకపోతే అంబుడ్స్‌మన్‌కు పంపడానికి నకళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఆయన కొడుకుతో కూడా మాట్లాడాం. ఇలాంటిది ఎవరి ఇంట్లో జరిగినా, ముందు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేసి కార్డు ఆపించి, 1930కి ఫోను చేసి, ఆ తరువాత సంఘంలో ఎవరికైనా చెప్పండి. ఏ వేళైనా ఫరవాలేదు. ఈ రెండు నంబర్లు రాసుకునే చోటుతో, పెద్ద అక్షరాల్లో తెలుగులో ఒకవైపు, తమిళంలో ఒకవైపు అచ్చువేయించిన అట్టలు సంఘం ఆఫీసులో ఉన్నాయి. ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా వచ్చి తీసుకోవచ్చు. రాలేని పెద్దవాళ్ళు కబురు చేస్తే ఇంటికి తెచ్చి ఫోను పక్కన అతికించి వస్తాం.